రాతిపూవును మేయు శలభము



నేడు నేను ముచ్చటింపదలచిన ప్రాణి మిక్కిలి చిన్నది. రెక్కలు విప్పి కొలిచినచో అంగుళమునకు కొంచెము ఎక్కువగా నుండును. అది పంటను పాడుచేయదు, పట్టు నీయదు, తేనె కూర్పదు. అందువలన కర్షకునికిగాని వర్తకునికిగాని దానికొక పేరు పెట్టవలసిన యవసరము కలుగలేదు. ముప్పదియేండ్లకు పైగా తెలుగు, సంస్కృతములు బోధించిన నాకును చాలకాలము దాని యునికియే తెలియదు. నాకు దానిని చూపినవాడు నా విద్యార్థి. కావున ఆ కథతోనే ప్రసంగము నారంభించెదను.

నేను పనిచేసిన పాఠశాల తూర్పుకనుమల పాదమున నొక చిన్న యూరిలో నుండెడిది. ఆవరణములో పాత చింతచెట్లు నాలుగును, వాని వెనుక రాతిగోడయు నుండెను. వానకాలము వెడలిన పిదప నొకనాడు ఏడవ తరగతి చదువు బాలుడొకడు అగ్గిపెట్టెలో నేమియో పెట్టుకొని వచ్చి, "పంతులుగారూ! ఇది ఏ పిట్ట గూడండీ?" అని యడిగెను. తెఱచి చూచితిని. చిటికెనవ్రేలి గోటికంటె కొంచెము పెద్దదియగు పంజరమొకటి కనబడెను. సన్నని వెండ్రుకలను నిలువుగను అడ్డముగను కూర్చి అల్లిన జల్లెడవలె నుండెను. దాని నట్టనడుమ గోధుమవన్నె గింజవంటి దొకటి ఏ ప్రక్కనూ తాకక వ్రేలాడుచుండెను. నేను క్షణమైన నాలోచింపక, "సాలెపురుగు గూడురా! పాఱవేసి వచ్చి కూర్చుండుము" అంటిని.

వాడు కూర్చుండెను గాని పాఱవేయలేదు. ఆ గూటిని గాజుసీసాలో నుంచి మూతికి పలుచని గుడ్డ కట్టి దాచుకొనెను. కొలది దినములకు ఆ సీసాను తెచ్చి మాఱుమాటాడక నా బల్లమీద పెట్టెను. పంజరము ఖాళీగా నుండెను. దానిపై తెల్లని రెక్కలమీద కుంకుమతో అడ్డగీతలు దిద్ది కాటుకచుక్కలు పెట్టినట్లున్న శలభమొకటి వ్రాలియుండెను. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పినందుకు నాకు సిగ్గు కలిగెను. నాటినుండి ఆ పురుగును గూర్చి చదివియు, చూచియు నేను గ్రహించినది నేడు మీకు విన్నవించుచున్నాను.

మొదట దాని యాహారమును గూర్చి చెప్పవలెను. ఆహారము తెలిసినగాని నివాసము బోధపడదు. ఆ యాహారము మీలో ననేకులు తినియే యుందురు. మసాలా దినుసులలో రాతిపూవు అను పేర, ఒకవైపు బూడిదవన్నెగను రెండవవైపు నల్లగను ఉండి, ఎండిన రేకులవలె ముడుతలు పడిన వస్తువొకటి అమ్ముదురు. దానినే హిందీవారు పత్థర్ కా ఫూల్ అనియు, అరవవారు కల్‌పాసి అనియు పిలుతురు. పచ్చిగా నున్నప్పుడు దానికి చెప్పదగిన వాసన యుండదు. కాగిన నూనెలో వేసినప్పుడే పరిమళము పుట్టును. అమరసింహుడు వనౌషధివర్గమున దీనిని శైలేయమనియు, అశ్మపుష్పమనియు పేర్కొనెను. అశ్మమనగా రాయి. తెలుగుపేరు ఆ సంస్కృతనామమునకు సరియైన యర్థమే.

పేరు చక్కనిదే గాని అది పూవు కాదు. వేరు, కాండము, ఆకు గల మొక్కయు కాదు. పాశ్చాత్యశాస్త్రజ్ఞులు దీనిని లైకెను అందురు. ఇది యొక్క ప్రాణి కాదనియు, కుక్కగొడుగుల వర్గమునకు జెందిన శిలీంధ్రమును, నాచు వర్గమునకు జెందిన సూక్ష్మజీవియు కలిసి చేయు కాపురమనియు 1867వ సంవత్సరమున ష్వెండనర్ అను స్విట్జర్లాండు పండితుడు చెప్పెను. ఆనాటి లైకెనుశాస్త్రవేత్తలలో పెక్కురు దానిని అంగీకరింపక పరిహసించిరి. కాలక్రమమున ఆతని మాటయే నిలిచెను. శిలీంధ్రము గోడలు కట్టి, తేమను పట్టి, నీడ నిచ్చును. నాచు ఆ నీడలో నుండి సూర్యరశ్మితో చక్కెరను వండి యిద్దఱికిని పెట్టును. ఒంటరిగా నున్నచో నాచు బండమీద ఎండకు మాడిపోవును. శిలీంధ్రము ఆకలిచే నశించును. కొన్ని లైకెనులలో మధుశిలీంధ్రము, అనగా ఈస్టు, మూడవ భాగస్వామిగా నున్నదని 2016లో వెల్లడియైనది.

ఈ లైకెనులు లోకమున పదునైదువేల జాతులకు పైగా నున్నవి. కొన్ని రాతిపై సున్నపు మచ్చవలె నంటుకొనియుండును. కొన్ని ఆకులవలె అంచులు లేచియుండును. మఱికొన్ని కొమ్మలనుండి గడ్డమువలె వ్రేలాడును. ఇవి మిక్కిలి నెమ్మదిగా పెరుగును. రాతి నంటుకొనియుండువానిలో పెక్కు జాతులు ఏడాదికి ఒక మిల్లీమీటరైనను విస్తరింపవు. ఆకువంటివి సైతము సాధారణముగా ఏడాదికి కొలది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగును. అరచేతి వెడల్పు గల మచ్చ మన తాతలకాలమునుండి అక్కడ నున్నదై యుండవచ్చును. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను; దీనితో ముందు పని గలదు.

రాతిపూవులో చేదైన ఆమ్లము లనేకము లుండును. వానివలన పెక్కు ప్రాణులు దానిని ముట్టవు. ఉత్తరధ్రువప్రాంతములందు రెయిన్‌డీరు అను దుప్పి మంచుకాలమున దీనిని మేయును. కొన్ని నత్తలును తినును. ఇట్టి మేతనే తమ బ్రతుకుతెరువుగా చేసికొన్న శలభముల తెగ యొకటి గలదు. శాస్త్రమున దీనిపేరు లిథోసీని. గ్రీకుభాషలో లిథోస్ అనగా రాయి. అక్కడివారును మనవారును వేఱువేఱుగా ఆలోచించి ఒక రాతియొద్దకే చేరుట ముచ్చటయే. ఈ తెగలో మూడువేల జాతులకు పైగా గుర్తింపబడినవి. ఇంగ్లండులో వీనిలో కొన్నిటిని ఫుట్‌మన్ అందురు. అనగా దొరలయిండ్ల బంట్రోతు. రెక్కలను ఒంటికి బిగువుగా ముడుచుకొని వ్రాలినప్పుడు అవి పొడుగుకోటు తొడిగిన బంట్రోతువలె కనబడుటచే ఆ పేరు వచ్చినది.

మా బాలుని సీసాలోనిది ఈ తెగలో సయానా అను ప్రజాతికి చెందినది. ఈ ప్రజాతిలో నూటయేబదికి పైగా జాతులున్నవి. పడమటి, దక్షిణ హిందూదేశములందు కనబడువానిలో నొకటి సయానా ప్యుయెల్లా. లాటినుభాషలో ప్యుయెల్లా అనగా బాలిక. తెల్లని వలువకు ఎఱ్ఱంచు వేసిన యా రెక్కలను చూచినవారికి ఆ పేరు తగినదనియే తోచును. ఈ పేరు పెట్టినవాడు లండనులో వెండిపని వర్తకము చేయు డ్రూరీ అను నాతడు. దూరదేశములనుండి వచ్చు ఓడవారిచే పురుగులను తెప్పించుకొని, చిత్రములతో గ్రంథములు ప్రకటించెను. 1773లో ఈ శలభమును వర్ణించెను. తరువాత నీలగిరులలో తేయాకుతోట నడపి, పిదప బ్రిటిషు మ్యూజియములో శలభముల పరిశీలనకే జీవితము నర్పించిన హాంప్సన్ దొర 1892 మొదలు 1896 వఱకు హిందూదేశపు శలభములనుగూర్చి నాలుగు సంపుటములు వెలువరించెను. ఆయన కాలమున ఈ ప్రజాతిని బైజోన్ అనెడివారు. పేర్లు మాఱినను పురుగు మాఱలేదు.

ఇక దీని జీవనమును వినుడు. గ్రుడ్డునుండి వెలువడిన గొంగళిపురుగు చెట్టు మానుమీదను, రాతిమీదను, పాతగోడమీదను ఉండు లైకెనులను, నాచుపొరను గోకి తినును. పగలు బెరడు పగుళ్లలో దాగియుండి రాత్రులందు మేతకు వెడలుట ఈ తెగవారి వాడుక. ఆకులు తిను పురుగుల దవుడలు కత్తెరవంటివి. దీని దవుడల లోవైపున మిట్టగా లేచిన నూరుడుపన్ను వంటి భాగము గలదు. రాతిపూవును గోకుట యొక యెత్తు. దానిని నూరి పిండిచేయుట మఱియొక యెత్తు. అందుకై ప్రకృతి దీని నోటిలోనే చిన్న తిరుగలి నమర్చినది. శాస్త్రజ్ఞులు ఈ తెగను గుర్తించు లక్షణములలో ఇది ముఖ్యమైనది.

మేతలోని చేదు సారములను ఈ తెగలోని కొన్ని జాతులు తమ యొడలిలో నిలువచేసికొని, శలభములైన పిదపను మోయుచుండును. అందుచే వానిని తిన్న పక్షికి నోరు చేదెక్కును. తెలుపుమీద ఎఱుపు, నలుపు చుక్కలు మనకు అలంకారముగా తోచును గాని, పక్షికి అవి "నన్ను ముట్టకుము" అను హెచ్చరికయై యుండునని పెద్దల యభిప్రాయము.

గొంగళిదశ ముగియువేళ వచ్చు ఘట్టము మిక్కిలి యాశ్చర్యకరమైనది. పట్టుపురుగు తన నోటి దారమునే ఒంటిచుట్టు చుట్టుకొని గూడు కట్టునని మనకు తెలియును. ఈ పురుగునకు అంత దారము లేదు. కాని దాని ఒంటినిండ పొడవైన వెండ్రుకలున్నవి. ఆ వెండ్రుకలను తానే పెఱికి, కొద్దిపాటి దారముతో నొకదానికొకటి అతికించి, తనచుట్టు పంజరము కట్టును. మేకు లేదు, కొలబద్ద లేదు, గురువు లేడు. అయినను గళ్లు వరుసగా నమరును. ఆ పంజరము నడుమ సన్నని దారములతో ఉయ్యెలవలె తన్ను తాను వ్రేలగట్టుకొని, చివరి చర్మమును విడిచి, ప్యూపా యను నిద్రావస్థలో ప్రవేశించును. విడిచిన చర్మమును సైతము లోపల నుంచుకొనక పంజరపు గళ్లగుండ వెలుపలికి నెట్టివేయును.

ఎల్లవైపుల తెఱపులున్న యింటిలో రక్షణ యెక్కడిదని మీరడుగవచ్చును. ఆ గింజ నడుమ నున్నది. చీమ వెలుపల నున్నది. గళ్లలో చీమ తల పట్టదు. పట్టినను దాని నోరు గింజకు అందదు. మఱియు గాలి లోపల నాడుచుండుటచే తడికాలమున బూజు పట్టకుండుటకు వీలగును. తన ఒంటి సొత్తుతోనే కోటయు, కోటలో ఖాళీచోటే కందకముగను ఏర్పఱచుకొన్నది. ఆ గూటిని నేను సాలెపురుగు పని యంటినని తలచుకొన్న నేటికిని మనసు చివుక్కుమనును.

ఇట్టి పురుగు ఎచ్చట నివసించును? మనము అడవియనగా పెద్దచెట్లు, పులులు, సెలయేళ్లు అని తలంతుము. దీనికి కావలసిన యడవి చదరపుగజమైన నుండనక్కఱలేదు. అయితే దానికి కొన్ని నియమములు గలవు. మొదటిది, ఏండ్ల తరబడి కదలని తావు. చింత, మామిడి వంటి చెట్ల గరుకు బెరడు లైకెనుకు అనుకూలము. జామ, నీలగిరి చెట్లు బెరడును పొలుసులుగా రాల్చుచుండును గనుక వానిమీద అది స్థిరపడుటకు వ్యవధి చాలదు. రెండవది, వెలుతురును తేమయు. శేషాచలపు బండలమీదను, హార్స్‌లీకొండమీదను, అరకు ప్రాంతపు చెట్లమీదను ఆకుపచ్చ, బూడిద, పసుపు వన్నెల మచ్చలు చూచినవారికి నేను వర్ణింపనక్కఱలేదు. పల్లెలలో పాత దేవాలయ ప్రాకారములును ఇట్టివే. మూడవది, నిర్మలమైన గాలి. లైకెనుకు వేళ్లు లేవు. అది నీటిని, ఉప్పులను గాలినుండియు వాననుండియు నేరుగా ఒంటిలోనికి పీల్చుకొనును. గాలిలో విషమున్నచో దానిని వడకట్టుకొను సాధనమేదియు దానికి లేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పవలసియున్నది. ఆ బాలుడు సీసా తెచ్చిన మఱుసటి యేడు మా పాఠశాలకు తనిఖీ యధికారి వచ్చుచున్నారని తెలిసినది. ఆవరణము శుభ్రముగా కనబడవలెనని, గోడమీది మచ్చలను గోకించి వెల్ల వేయించితిమి. చింతచెట్ల మాకులను కొబ్బరిపీచుతో రుద్దించి, నిలువెత్తు వఱకు సున్నము పూయించి, పైన ఎఱ్ఱమట్టితో పట్టె దిద్దించితిమి. ఆ పనిని చేయించిన బాధ్యత నాది. పిల్లలందఱు ఉత్సాహముతో చేసిరి. ఆ బాలుడు మాత్రము చీపురు పట్టుకొని నిలుచుండి, "పంతులుగారూ! మఱి అవి ఏం తింటాయండీ?" అని యడిగెను. నేను, "వేఱొకచోటికి పోవునులే" అని చెప్పితిని.

అదియు తెలియక చెప్పిన మాటయే. గొంగళికి రెక్కలు లేవు. సున్నపు క్షారమున నాచు చచ్చును. తాతలకాలపు మచ్చ నొక యుదయమున గోకవచ్చును గాని, మరల పెంచుటకు తరము పట్టును. వెల్ల వేయించిన తరువాత గోడ మూలను సున్నపు పొరక్రింద నణగి గట్టిపడిన పంజరములు మూడు కనబడినవి. వానిని ఆ బాలుడే చూపెను. తనిఖీ చక్కగా జరిగినది. ఆవరణము పరిశుభ్రముగా నున్నదని ప్రశంసయు లభించినది.

మా ఊర జరిగినది చిన్నపని. ఐరోపాలో నిదియే మహానగరముల కొలతలో జరిగెను. 1866లో న్యులాండర్ అను ఫిన్లాండు పండితుడు పారిసు నగరమున లక్సెంబర్గు ఉద్యానములోని లైకెనులను పరిశీలించి, అవి గాలి శుద్ధిని తెలుపు కొలబద్దలని వ్రాసెను. బొగ్గుపొగలోని గంధకవాయువు వానికి విషము. ఇంగ్లండులోని కర్మాగారపు పట్టణములలో చెట్లు నల్లబడి, రాతిపూవు మాయమయ్యెను. 1952 డిసెంబరులో లండనును కమ్మిన పొగమంచు వేలమంది ప్రాణములను గొనెను. అప్పటికిగాని పాలకులకు కనువిప్పు కలుగలేదు. 1956లో గాలి శుద్ధికై చట్టము చేసిరి. పొగ తగ్గిన దశాబ్దములలో లైకెనులు మరల నగరపుచెట్లకు చేరినవి. అనేక శలభజాతులు తగ్గిపోవుచున్న ఆ దేశమున, ఈ బంట్రోతు శలభములలో పెక్కు జాతులు వృద్ధిపొందినవి. నాచును, రాతిపూవును తిరిగి దొరకుటయే దానికి ముఖ్యకారణములలో నొకటియని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఆ చట్టము చేసినవారు శలభముల కొఱకు చేయలేదు. మనుష్యుల యూపిరితిత్తుల కొఱకు చేసిరి. మనుష్యునికి మేలైనది పురుగునకును మేలయ్యెను. రాతిపూవు చావుచున్న చోట మన పిల్లల గుండెలలోనికి పోవు గాలి యెట్టిదో మనము విచారించుకొనవలెను.

మఱియొక మాట. శలభమనగానే మనకు దీపము జ్ఞప్తికి వచ్చును. భగవద్గీత పదునొకండవ యధ్యాయమున మండుచున్న యగ్నిలో ప్రవేశించు పతంగముల యుపమానము గలదు. కవులును దానిని మోహమునకు దృష్టాంతముగా వాడిరి. నేనును తరగతిలో అట్లే బోధించితిని. ఉపమానము ఉపమేయమునకు సరిపోవును. పురుగు విషయమున మాత్రము వేఱుకారణము గలదు. రాత్రి యాకాశము నేలకంటె ప్రకాశమానము. ఎగురు పురుగులు వెలుతురువైపు వీపు నుంచి, ఏది పైయో ఏది క్రిందో తెలిసికొనును. దీపము ప్రక్కనుండి వెలిగినప్పుడు దానివైపు వీపు త్రిప్పుచు, త్రోవ తప్పి దానిచుట్టు తిరుగుచుండును. 2024లో వేగముగా తీసిన చిత్రములతో ఈ సంగతిని నిరూపించిరి. కావున తెల్లవాఱులు మన వాకిట వెలుగు విద్యుద్దీపము ఈ చిన్నప్రాణికి ఉచ్చువంటిది. అవసరము లేనివేళ దానిని ఆర్పిన మనకు ధనమును మిగులును.

శ్రోతలారా! పాతగోడలకు వెల్ల వేయవలదని నేను చెప్పను. నివసించు ఇంటికి వెల్ల కావలసినదే. కాని ఊరిచివర చెట్లకును, తోట వెనుకటి రాతిగోడకును, ఎవరును చూడని బండలకును సున్నపు సొమ్ము లేకపోయిన నేమి? పెరటి చెట్టు మానుమీద బూడిదవన్నె మచ్చ కనబడినచో అది తెగులని గోకకుడు. లైకెను చెట్టు రసమును పీల్చదు, బెరడును ఆసనముగా మాత్రమే వాడుకొనును. పిల్లలు వెండ్రుకల పంజరమును తెచ్చి చూపినచో, నావలె తొందరపడి పేరు పెట్టకుడు. తెలియదని చెప్పి, సీసా నొకటి యిచ్చి, పురుగు వెలువడిన పిదప తెచ్చిన తావుననే విడువుమని చెప్పుడు.

ఆ తనిఖీ జరిగిన తరువాత నాలుగు చింతచెట్లలో వెనుకనున్న దానికి మరల సున్నము పూయనీయలేదు. నేను ఉద్యోగము విరమించునాటికి ఆఱేండ్లు గడచెను. వెళ్లిపోవు దినమున ఆ మానుచుట్టు తిరిగి చూచితిని. ఉత్తరపువైపున రూపాయిబిళ్ల కంటె చిన్నవియగు బూడిదవన్నె మచ్చలు రెండు పొడచూపియున్నవి. పంజర మెక్కడను కనబడలేదు. నా తరువాత వచ్చిన పంతులుగారికి ఆ మచ్చలు చూపి, ఆ చెట్టును అట్లే యుంచుడని ప్రార్థించి వచ్చితిని. ఆయన అంగీకరించెను. ఆ మచ్చలు ఇంకను పెరుగుచున్నవనియే నా నమ్మకము.